పటంలో లేని గుంత

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలిపెట్టారో మీకు గుర్తులేకపోయినా బాధ లేదు, నేనింకా అక్కడే ఉన్నాను. పాత లోయాంగ్ నగరంలో, వేయ్ చక్రవర్తుల కొలువుకూటం కోసం తవ్వుతున్న ఏడో నంబరు కందకంలో, టీ గిన్నె మూతంత వెడల్పున్న ఒక గుంత మీద, కాలు పట్టేసిందని మూలుగుతూ కూలబడి ఉన్నాను. మీకది వారం, నాకు పావుగంట. ఆ పావుగంటకే నా కింది భాగం ప్రాచీనమైపోయింది. ప్రాచీనం అన్న మాటలోనే చీనా ఉంది కదా, మాకిక తప్పించుకునే దారి ఎక్కడ!

చక్రవర్తులు ఇదే నేల మీద సింహాసనం వేసుక్కూర్చున్నారు. నేను గుంతాసనం వేశాను. వాళ్ళు రాజ్యం పోతుందని లేవలేదు, నేను మావగారి పరువు పోతుందని లేవడం లేదు.

సంగతి క్లుప్తంగా చెబుతాను. నా పేరు దౌ జిన్‌చువాన్, ఊరు సాంగ్‌వాన్. ఈ ఊరి పొలాల కిందే పాత నగరం పడుకుని ఉంది. నా వృత్తి నేలని పొడవడం. నిలువునా చీల్చిన గొట్టంలాంటి పార ఒకటి ఉంటుంది మా దగ్గర. దాన్ని కర్రకి తగిలించి నేలలోకి దింపుతాం, పైకి లాగుతాం. బెత్తెడు బెత్తెడు చొప్పున మట్టి ముద్దలు వస్తాయి. వాటిని వరసగా నేల మీద పేర్చి కింద ఏముందో చెబుతాం. దిమ్మిస కొట్టిన మట్టి వస్తే కింద రాజుగారి గోడో గచ్చో ఉన్నట్టు. మనిషి చెయ్యి పడని కన్నెనేల వస్తే ఏమీ లేనట్టు. డాక్టరు రోగిని నాలుక చాపమంటాడు చూశారూ, మేం నేలని చాపమంటాం.

ఇరవయ్యెనిమిదేళ్ళుగా నేను చేస్తున్న ఈ పని నాకు నేర్పినవాడు మా మావగారు మియావ్ దెషుయ్. ఎనభై నాలుగేళ్ళు. ఇంటిపేరు మియావ్ అయినా చుట్టుపక్కల పదూళ్ళకీ పులి. లోయాంగ్ చుట్టూ పార పట్టిన నలభైమంది ఆయన శిష్యులే. కొత్త తవ్వకానికి వెళితే మమ్మల్ని ఎవరూ పేరడగరు. "మియావ్ గారి చేతికింద నేర్చావా?" అని అడుగుతారు, అవునంటే ఆ రోజే పనిలోకి రమ్మంటారు. పిల్లనివ్వడానికి ముందు ఆయన నాతో అన్నది ఒక్కటే మాట: "పారలో వచ్చిందే చెప్పు. రానిది చెప్పావో, నా కూతురు నీ ఇంట్లో ఉండదు."

అలాంటి మనిషి పార గుర్తు ఈ గుంత గోడ మీద ఉంది. ఆయన పార అంచున ఎడమపక్క చిన్న తునక ఎగిరిపోయింది. అది ఎక్కడ దిగినా గోడ మీద పైనుంచి కిందికి సన్నటి గీత నిలబడుతుంది, పిల్లి మీసంలాగ. నలభైమందిలో ఎవడికి చూపించినా టక్కున పేరు చెబుతాడు. ఈ గుంత చూస్తే ఏ లెక్కలోనూ లేదు, ఏ పటంలోనూ లేదు. రాజుల కోటలో లెక్కలో లేని గుంత అంటే దానికి మా దగ్గర ఒకటే అర్థం. దొంగ.

అందుకే కూర్చున్నాను.

"దౌ మేస్త్రీ, లేవండి. ఫొటో తియ్యాలి," అంది రువాన్ టీచరు. మా తవ్వకాలన్నిటికీ పెద్ద ఆవిడే. నలభై దాటలేదు గానీ చూపుకి నాలుగు వందలేళ్ళు.

"లేవలేను టీచర్. కాలు పట్టేసింది."

"ఏ కాలు?"

"ఎడమది. అంటే... కుడివైపు ఎడమది."

కందకంలో తాపీలు పట్టుకుని తాపీగా మట్టి గీస్తున్న ఆడవాళ్ళు పకపకమన్నారు. వాళ్ళలో పాంగ్ పిన్ని ముందే తయారుగా ఉంది. గుంతని మొదట చూసిందీ, మూడు గుప్పిళ్ళ మట్టి తీసి గట్టిగా కేకేసిందీ ఆవిడే.

"వీడి కాళ్ళకేం రోగం టీచర్, ఇనప స్తంభాలు! పొదగడానికి కూర్చున్న కోడిని చెయ్యి పెట్టి లేపినట్టు లేపాలి. లేవరా జిన్‌చువాన్, ఎన్ని గుడ్లు పెట్టావో చూద్దాం!"

"పిన్నీ, నువ్వు నోరు మూసుకుంటే ఇద్దరం బాగుపడతాం."

"ఇద్దరమా? నేనెప్పుడో బాగుపడ్డానురా. నీ సంగతి చెప్పు."

రువాన్ టీచరు నవ్వలేదు. నా ముందు గొంతుకూర్చుని మెల్లగా అంది: "రెండు నెలల నుంచీ నాకు తల పనిచెయ్యడం లేదు మేస్త్రీ. పటం ప్రకారం ఇక్కడ ఖాళీ ముంగిలి ఉండాలి. తవ్వితే దిమ్మిస మట్టి వస్తోంది. పటంలో కొలువుకూటం అక్కడే ఆగిపోయింది, నేలలో మాత్రం ఇటు పాకుతూనే ఉంది. దక్షిణ ద్వారం ఒక దారిన పోతే కూటం ఇంకో దారిన పోతోంది. చక్రవర్తి తన ద్వారానికి ఎదురుగా కూర్చోకుండా పక్కకి జరిగి కూర్చుంటాడా చెప్పండి? ఇప్పుడు ఈ గుంత ఒకటి. ఇది దొంగ గుంతైతే ఇవాళే పురావస్తు పోలీసులకి చెప్పాలి. చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది. మీరు లేవకపోతే మీది పోతుంది."

ఆవిడ తికమకంతా ఆ పటం మీదే. ఆవిడ గురువు షెన్ గారు నలభై నాలుగేళ్ళ కిందట మా ఊళ్ళో మకాం పెట్టి గీసిన పటం అది. పాత లోయాంగ్ గురించి రాసిన ప్రతివాడూ దాన్నే ముందేసుకుని రాశాడు. షెన్ గారు పోయిన వసంతంలో పోయారు. ఆయన ఫొటో మా పనిపాకలో గోడకి ఉంది, పటం దాని పక్కనే ఉంది. రువాన్ టీచరు రోజూ పొద్దున్నే రెండిటికీ గుడ్‌మార్నింగ్ చెప్పినట్టు చూస్తుంది.

నేనేం జవాబు చెప్పాలా అని నోరు తెరిచేసరికి గట్టు మీద చేతికర్ర చప్పుడైంది. తల ఎత్తితే మావగారు! ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో అన్నం క్యారేజీ. మా ఆవిడ చ్యూలియన్ పంపినట్టుంది. మొక్కజొన్న పిండిలో ఆకుకూరా వేరుశనగలూ వేసి చిక్కగా ఉడికించిన నూడుల్స్ వాసన దిగుతోంది. మా హెనాన్‌లో దాని పేరే తికమక నూడుల్స్. ఆ రోజుకి అంతకంటే తగిన వంటకం ఇంకోటి లేదు.

"ఏంటల్లుడూ, చక్రవర్తిలాగా కూర్చున్నావు?"

"కాలు పట్టేసింది మావయ్యా. నువ్వింటికి వెళ్ళు. ఎండగా ఉంది."

"అక్టోబరులో ఎండేంటిరా?" ఆయన గట్టంట వంగి చూశాడు. నా వైపు కాదు. నాకు ఎడమపక్క కందకం గోడనీ, పది అడుగుల దూరంలో సిమెంటు మూత పడున్న పాత బావినీ చూశాడు. తర్వాత క్యారేజీ గట్టు మీద పెట్టి, ఇద్దరు ఆడవాళ్ళ భుజాలు పట్టుకుని కందకంలోకి దిగాడు.

"లే," అన్నాడు.

"మావయ్యా..."

"లేవరా. నువ్వు కూర్చున్నది నా గుంత మీద."

పాంగ్ పిన్ని చేతిలో తాపీ జారి పడింది. నేను లేచాను. కాలు నొప్పి సంగతి కాలికి కూడా గుర్తులేదు.

"మీదా తాతగారూ?" రువాన్ టీచరు గొంతు చాలా చిన్నదైపోయింది. "ఏ సర్వేలో వేశారు?"

"సర్వేనా గిర్వేనా. దొంగతనానికి వేశాను. కంచు అద్దం తీశాను. అమ్ముకుని తిన్నాను. ఫోన్ చెయ్యి టీచరమ్మా, చెయ్యి. మధ్యాహ్నం పూట వాళ్ళకీ తోచదు."

ఇంతసేపూ నేను భయపడింది నిజమవుతుందేమోనని. నిజమైపోయింది. ఇంటికెళ్ళి చ్యూలియన్‌కి ఏం చెప్పను? 'మీ నాన్న పులి కాదే, నిజంగానే పిల్లి, దొంగపిల్లి' అని చెప్పనా? రేపటినుంచి నలభైమంది ఏ తవ్వకానికి వెళ్ళి ఎవరి పేరు చెప్పుకుంటారు? అయినా ఎక్కడో ఏదో అతకడం లేదు. పార పట్టిన చెయ్యి నాది, ఊరుకోదు.

"అద్దం ఎంతుంది మావయ్యా?"

ఆయన రెండు చేతులతో చూపించాడు. సాసరంత.

"ఈ గుంతలోంచి సాసరు వచ్చిందా? దీంట్లోంచి కోడిగుడ్డు రావాలన్నా ఊపిరి బిగబట్టి నిలువునా రావాలి!"

"చిన్నదేలే."

"ఎంత చిన్నది?"

చేతులు దగ్గరికొచ్చాయి. వేళ్ళు దగ్గరికొచ్చాయి. చివరికి బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి.

"అంత అద్దంలో ముఖం చూసుకోవాలంటే సోమవారం ముక్కు, మంగళవారం మూతి చూసుకోవాలి. పిన్నీ, ఆ తాపీ ఇటివ్వు."

"వద్దురా," అన్నాడు మావగారు. ఆ మాటలో పులి లేదు. అది విన్నాకే నేను గుంతని చూడాలని గట్టిగా అనుకున్నాను.

రువాన్ టీచరు తల ఊపింది. గుంతని నిలువునా సగానికి కోశాను. ఒక సగం మట్టి తీసేసి రెండో సగం అలాగే నిలబెట్టాను, పుచ్చకాయని కోసి లోపల చూసినట్టు. చూసి, అక్కడే మోకాళ్ళ మీద ఉండిపోయాను.

దొంగ గుంత ఎలా ఉంటుందో నాకు తెలుసు, వంద చూశాను. వాడు తీసిన మట్టి కుప్పగా పోస్తాడు. వెళ్ళేటప్పుడు చేతికందింది అందినట్టు లోపలికి తోసేస్తాడు. నల్లది పసుప్పచ్చదీ, బూడిదా రాయీ అన్నీ కలిసిపోయి కిచిడీ అయిపోతుంది. ఇక్కడ అలా లేదు. పైన దున్నిన నల్లమట్టి. దాని కింద ఎర్రమట్టి. దాని కింద పసుప్పచ్చది. ఆ తర్వాత వేలెడు బూడిద గీత. దాని కింద గట్టిగా, గింజగింజగా దిమ్మిస మట్టి. చుట్టూ ఉన్న నేలలో ఏ పొర ఎక్కడుందో, గుంతలోనూ ఆ పొర అక్కడే ఉంది. ముద్దకీ ముద్దకీ మధ్య వెంట్రుకంత సందు. తీసిన ప్రతి బెత్తెడునీ ఎవరో దాని చోట దాన్ని మళ్ళీ పడుకోబెట్టి, దుప్పటి కప్పినట్టు కప్పారు.

నా జీవితంలో తవ్వకాల దగ్గర పొరలున్నాయి, పెళ్ళాంతో పొరపొచ్చాలున్నాయి, మిగిలినవన్నీ పొరపాట్లు. కానీ ఇంత పొందికైన పొర నేనెక్కడా చూడలేదు.

"దొంగ ఇలా పూడుస్తాడా మావయ్యా?" నా గొంతు నాకే పెద్దదిగా వినిపించింది. "ఇలా పూడ్చాలంటే పూటంతా పడుతుంది. పట్టపగలు, వరసగా ముద్దలు పేర్చుకుని, ఒక్కోటీ తియ్యడం, ఒక్కోటీ పెట్టడం. పారిపోయేవాడికి పార అంచు తుడుచుకునే తీరికే ఉండదు! దొంగవి కావు నువ్వు. చెయ్యని పని చేశానని చెప్పుకోవడానికి ఈ తాపత్రయం ఏంటి?"

"నోర్ముయ్ అల్లుడూ."

"నేనెందుకు ముయ్యాలి? పారలో వచ్చిందే చెప్పమన్నది నువ్వే కదా. ఇదిగో, నా పారలో ఇదొచ్చింది. నువ్వు అబద్ధమాడుతున్నావు."

మామ మీద అరిచిన అల్లుణ్ణి మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆడవాళ్ళు గీయడం ఆపేశారు. మావగారు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, గడ్డం వాటి మీద పెట్టి, నేల చూపులు చూశాడు.

"నాకెన్నేళ్ళున్నాయి ఇంకా? తీసుకెళ్ళి ఏం చేస్తారు నన్ను? దొంగన్నారనుకో, నాతో పోతుంది. వదిలెయ్యరాదురా," అన్నాడు.

"దేన్ని వదిలెయ్యాలి తాతగారూ?" రువాన్ టీచరు ఆయన పక్కనే మట్టిలో కూర్చుంది. "మీరు దాచేది అద్దం కాదు. ఈ కూటం. అవునా?"

ఆయన బావి వైపు చూశాడు. చెప్పాడు. మధ్యలో ఆగాడు, దగ్గాడు, పాంగ్ పిన్ని ఇచ్చిన నీళ్ళు తాగాడు. నేను వాటిని తీసేసి చెబుతున్నాను.

నలభై నాలుగేళ్ళ కిందట సర్వేవాళ్ళు పడమటి నుంచి తూర్పుకి వరసగా గుంతలు వేయించారు. నలభై ఒకటో గుంత ఇక్కడ పడింది. దిమ్మిస మట్టి వచ్చింది, గట్టిది, రాజులది. దానికి పది అడుగుల్లో ఊరి కొత్త బావి. మూడు చలికాలాలు ఊరు ఊరంతా చేత్తో తవ్విన బావి అది. నీళ్ళు పడి అప్పటికి ఇరవై రోజులు. అంతకుముందు ఆడవాళ్ళు కావడి వేసుకుని నదిదాకా నడిచేవాళ్ళు. గుంత లెక్కలోకి ఎక్కితే బావి కోట మీద పడినట్టు. పూడ్చేస్తారు. ఆయన ఆ గుంతలోంచి తీసిన మట్టిని ఎలా వచ్చిందో అలాగే తిరిగి పెట్టేశాడు. నలభై అంగలు తూర్పుకి నడిచి ఇంకో గుంత వేశాడు. అక్కడ నిజంగానే కన్నెనేల వచ్చింది. పుస్తకంలో అదే నలభై ఒకటి అయింది, కూటం నలభైతోనే ఆగినట్టు పటంలోకి ఎక్కింది.

"పారలో రానిది చెప్పలేదు నేను," అన్నాడు నావైపు చూసి. "వచ్చిన చోటు మార్చాను. అంతే."

అంతేనట! ఈ నలభై అంగలకి చక్రవర్తి కొలువుకూటం సగానికి తెగిపోయింది. కూటం నడుమ ఎక్కడో తేలక ద్వారానికీ దానికీ పొత్తు కుదరక, రెండు నెలలుగా మేమందరం తలలు పట్టుకుని తిరిగాం. నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఇప్పటికీ తెలియదు. మావగారు దొంగ కాదని పొంగిపోవాలా? నాకు పని నేర్పిన నోరే తప్పు చెప్పిందని కుంగిపోవాలా? రెండూ ఒకేసారి వస్తే మనిషి పొంగీ కుంగీ చివరికి మామూలు ఎత్తులోనే మిగులుతాడు.

రువాన్ టీచరు మాత్రం మొదట ఒక్క క్షణం వెలిగింది. "అయితే నడుమ ఇటు జరుగుతుంది. ద్వారానికి సరిగ్గా ఎదురు వస్తుంది!" అంది చిన్నపిల్లలాగా. వెంటనే ఆగిపోయింది.

"తాతగారూ, మీకు చదువు రాదు కదా?"

"మట్టి తప్ప ఏదీ చదవలేదమ్మా."

"అయితే పుస్తకంలో ఎవరు రాశారు?"

ఆయన కర్ర మీది మట్టిని గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"మీరు గుంత వేస్తుంటే పక్కనే కూర్చుని రాసేవాళ్ళు ఉంటారు. ముద్దలు చూస్తారు. మీరు తూర్పుకి నడిస్తే వాళ్ళూ నడుస్తారు. వాళ్ళకి తెలియకుండా ఇది జరగదు."

"గుర్తులేదు."

"బావిలో నీళ్ళు పడి అప్పటికి ఎన్ని రోజులైందో గుర్తుంది, మనిషి గుర్తులేడా?"

"లేడు. అద్దమే తీశాను. రాసుకో."

ఆవిడ ఫోన్ తీసింది. ఆ ఏడాది సర్వే పుస్తకం పేజీలన్నీ దాంట్లో ఫొటోలుగా ఉన్నాయి. వాటిని ఆవిడ ఎన్నివందల సార్లు చూసిందో నాకు తెలుసు. నలభై ఒకటో గుంత ఉన్న పేజీ తెరిచింది. పైన 'కన్నెనేల'. అడుగున రెండు పేర్లు. 'చెప్పినవారు' దగ్గర మావగారి బొటనవేలి ముద్ర. 'రాసినవారు' దగ్గర, ఒత్తుగా, జాగ్రత్తగా, ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు తొలి ఉద్యోగంలో చేసిన సంతకం.

షెన్.

నేను చదివాను. ఆవిడ చదవలేదు, చదవాల్సిన పని లేదు. ఆ చేతిరాతతో దిద్దిన కాగితాల మీదే ఆవిడ చదువంతా సాగింది.

"మా ఇంట్లో తినేవాడు," అన్నాడు మావగారు చాలా మెల్లగా. "బక్కగా ఉండేవాడు. కావళ్ళు మోసి మోసి మా ఆవిడ భుజం పుండుపడితే మందు తెచ్చిపెట్టాడు. 'ఇక్కడ గుంత వెయ్యనే లేదు మియావ్ అన్నా, నలభై అంగలు నడువు' అన్నది అతనే. నేను పూడ్చాను. ఇద్దరం ఒకరి పేరు ఒకరం చెప్పకూడదనుకున్నాం. అతను చచ్చేదాకా చెప్పలేదు. చచ్చినవాడి నోట మన్ను కొట్టమంటావా టీచరమ్మా? దొంగ గుంత అని రాసెయ్యి. గుంత కథ అయిపోతుంది. పుస్తకం పుస్తకంలాగే ఉంటుంది, ఆయన పేరు ఆయనకుంటుంది."

"కూటం?" అంది ఆవిడ. "దొంగ గుంత అని రాస్తే పటం మారదు. కూటం సగానికి తెగే ఉంటుంది. నా తర్వాత వచ్చేవాళ్ళూ నాలాగే తిరుగుతారు."

"తిరగనీ. నేల ఎక్కడికీ పోదు."

"మీరు పోతారు తాతగారూ. జైలుకి. మీ పేరూ పోతుంది."

"నా పేరేముందమ్మా, పిల్లి కూత."

నవ్వలేదు ఎవరూ. నేను ఏదో ఒకటి అనాలి, నాకు అలవాటు. నోరు తెరిచాను. లెక్క వేసుకుని మళ్ళీ మూశాను. షెన్ గారిని కాపాడితే మావగారు దొంగ. మావగారిని కాపాడితే షెన్ గారు అబద్ధాలకోరు, ఆవిడ గురువు. ఎటు చూసినా ఒక మంచివాడు మట్టి కరవాలి.

అప్పుడు ఆవిడ చేతిలోనే ఫోన్ మోగింది. అటు పురావస్తు పోలీసులు. పాంగ్ పిన్ని వేసిన మొదటి కేక ఊరు దాటి వాళ్ళ దాకా వెళ్ళినట్టుంది. కందకంలో అందరికీ వినపడేలా ఒక మగగొంతు అడిగింది: "ఏడో కందకంలో గుంత దొరికిందట? దొంగదేనా? ఎవరిదో తెలిసిందా?"

రువాన్ టీచరు లేచి నిలబడింది. మోకాళ్ళకి మట్టి.

"తెలిసింది. దొంగది కాదు. రెండు పేర్లు చెప్తాను, రాసుకోండి. మొదటిది..."

మావగారు కర్ర వదిలేశాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి అంత వేగంగా కదలడం నేను నా పెళ్ళిరోజున కూడా చూడలేదు. ఆవిడ చేతిలో ఫోన్ లాక్కున్నాడు.

"రెండు కాదు బాబూ, ఒకటే. మియావ్ దెషుయ్, సాంగ్‌వాన్ ఊరు. కంచు అద్దం తీసి అమ్మాను. అవును, నేనే మాట్లాడేది. ఆఁ, ఇక్కడే ఉంటాను."

ఫోన్ తిరిగి ఆవిడ అరచేతిలో పెట్టాడు. కర్ర తీసుకున్నాడు. గట్టు మీది క్యారేజీ వైపు చూపించి నాతో అన్నాడు:

"చల్లారిపోతుంది, తిను. పది నిమిషాల్లో వస్తారట."